ఆర్ట్స్ చదువు – ఉస్తాదుల అండ

మన కొడకండ్లలోగాని, చుట్టూ ఉన్న పాలకుర్తి, దేవరుప్పుల వైపు ఊళ్లలోగాని, పిల్లవాడు ఇంటర్ పాసయి బి.ఏ.లో చేరతానంటే ఇంట్లో మొదట వినవచ్చే మాట ఒకటే: "బి.ఏ. చదివి ఏం చేస్తడు?" ఆడపిల్ల అయితే ఆ ప్రశ్న కూడా ఉండదు, చదువే ఆగిపోతుంది. చరిత్ర, సాహిత్యం, భాషలు చదివేవారికి ముందు దారి ఉండదని మనవారిలో ఒక భయం నాటుకొనిపోయింది. ఆ దారిని ఒకప్పుడు ఎవరు వేశారో, ఎట్లా వేశారో మన సభ్యుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది. బోధన ఉర్దూలో జరగాలని నిర్ణయమైంది. అంతవరకు మన దేశంలో విశ్వవిద్యాలయపు చదువంటే ఇంగ్లీషు చదువే. నిర్ణయమైతే జరిగింది గాని విద్యార్థి చేతికి ఇవ్వడానికి ఉర్దూలో పుస్తకాలేవి? అందుకని తరగతులు మొదలుకాకముందే, అదే 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నాయకత్వం వహించారు. మీర్జా హాదీ రుస్వా, జోష్ మలీహాబాదీ వంటి పెద్దలు అందులో పనిచేశారు. చరిత్ర, తత్త్వశాస్త్రం, న్యాయశాస్త్రం, విజ్ఞాన శాస్త్రాలు అన్నీ ఉర్దూలోకి వచ్చాయి. ఒక్కొక్క ఇంగ్లీషు శాస్త్రపదానికి ఉర్దూ మాట ఏది పెట్టాలా అని పండితులు కూర్చుండి తర్జనభర్జనలు పడ్డారు. పాఠం చెప్పడానికి ముందే పిల్లవాడికి తెలిసిన భాషలో పుస్తకం సిద్ధం చేయడం పెద్దలు చేసిన మొదటి సాయం.

1919 ఆగస్టులో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 225 మంది, బోధించేవారు 25 మంది. అంటే తొమ్మిదిమందికి ఒక ఉస్తాద్. పిల్లవాడి పేరే కాదు, వాడి చేతిరాత కూడా గుర్తుండే లెక్క అది.

చరిత్ర శాఖలో ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ ఉండేవారు. ఢిల్లీ బాదుషాల చరిత్రే చరిత్ర అనుకునే రోజుల్లో ఆయన మన దక్కన్ చరిత్రను పరిశోధనకు తగిన విషయంగా నిలబెట్టారు. బహమనీలపై 1946లో, కుతుబ్‌షాహీలపై 1974లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. మన కోటలు, మన శాసనాలు కూడా చదువుకోదగినవే అన్న ధైర్యం విద్యార్థులకు అట్లా కలిగింది. ఉర్దూ శాఖలో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఉన్నారు. ఆయన ఉస్మానియా విద్యార్థే. లండన్‌లో డాక్టరేటు పొంది, తిరిగివచ్చి ఇక్కడే పాఠాలు చెప్పారు. అంతటితో ఊరుకోక ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించి, పాత వ్రాతప్రతులు సేకరించి, గ్రంథాలయం పెట్టి, కాలేజీ గడప తొక్కలేనివారికి ఉర్దూ పరీక్షలు నడిపే ఏర్పాటు చేశారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఉర్దూ మనకు ఇంటి భాషే గాని, మన పక్కింటి సాలెల పిల్లవాడికి, కాపు పిల్లవాడికి అది బడిలో నేర్చుకున్న భాష. వాళ్లకు తెలుగు శాఖ అండగా నిలిచింది. మొదట్లో రాయప్రోలు సుబ్బారావు, తరువాత ఖండవల్లి లక్ష్మీరంజనం ఆ శాఖను నడిపారు. మన వరంగల్ ప్రాంతం దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు అక్కడే తెలుగు జానపద గేయాలపై పరిశోధించి 1956లో డాక్టరేటు పొందారు. తెలుగులో ఉస్మానియా ఇచ్చిన తొలి డాక్టరేటు అదే. నాట్లు వేస్తూ, తిరగలి విసురుతూ మన అమ్మలు పాడే పాటలకు విశ్వవిద్యాలయంలో పీట వేశారు. తరువాత ఆయనే ఆచార్యులై ఎందరినో ఊళ్లకు పంపి పాటలు, కథలు సేకరింపజేశారు. ఉర్దూ మాధ్యమంలో బడిచదువు సాగించిన సి. నారాయణరెడ్డి 1962లో అక్కడే తెలుగులో డాక్టరేటు పొంది, అక్కడే ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. భాషలు రెండయితే చదువుకు అడ్డమన్న వాదం ఆయన ముందు నిలవదు.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. కొంతకాలానికి అనువాద శాఖ కూడా మూతపడింది. ఉర్దూలో చదువుకున్న కుటుంబాల పిల్లలు ఒక్కసారిగా కొత్త భాష ముందు నిలబడవలసి వచ్చింది. "ఆర్ట్స్ మనకు అచ్చిరాదు" అనే మాట వెనుక ఆనాటి దెబ్బ కొంత ఉన్నదని మేము భావిస్తున్నాము.

అయితే దారులు మళ్లీ తెరుచుకున్నాయి. 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడి పెద్ద చదువు మన దగ్గరకు వచ్చింది. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పని చేసుకుంటూ చదివేవారికి ఆసరా అయింది. 1998లో హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చి, ఉర్దూలో ఉన్నత విద్య తిరిగి నిలబడింది.

కాబట్టి సోదర సోదరీమణులకు మా విన్నపం ఇది. బిడ్డను చేర్పించి ఫీజు కట్టి ఊరుకోకండి. ఏడాదికి ఒకసారైనా వెళ్లి పాఠం చెప్పే సారును, మేడమును కలవండి. ఏ పుస్తకం చదవాలి, రాసిన వ్యాసంలో తప్పేమిటి, పై చదువుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి – ఇవన్నీ వారికి తెలుసు, అడిగితే చెప్తారు. మన పిల్లలు సిగ్గుపడి అడగరు, చివరి బెంచీలో కూర్చుని వెళ్లిపోతారు. మన ఊరి నేతపనిపైన, దర్గాలపైన, నానీలు చెప్పే కథలపైన పరిశోధన చేస్తామని వాళ్లంటే నవ్వకండి. షేర్వానీ సాబ్, రామరాజు గారు నేర్పినది ఆ చదువే. ఇకమీదట "బి.ఏ. చదివి ఏం చేస్తడు?" అని మనల్ని మనం అడుక్కునే బదులు, ఆ ప్రశ్నను తీసుకొని వాడి ఉస్తాద్ దగ్గరికే పోదాం.