రౌతు ఇల్లు: చారిత్రక నవలలూ, ఉసామా బిన్ మున్‌ఖిజ్ స్వీయచరిత్రా

ఉర్దూ చదవడం వచ్చిన ముస్లిం ఇళ్లలో పెరిగినవారికి నసీమ్ హిజాజీ పేరు కొత్తగా చెప్పనవసరం లేదు. మదరసాలో చదువుకునే రోజుల్లో నేనూ ఆయన నవలలను పాఠ్యగ్రంథాల చాటున పెట్టుకుని చదివినవాణ్ణే. ఖందఖ్ యుద్ధం పాఠం సగంలో ఆగిపోయేది గాని, నవలలోని ఆశ్వికుడి ప్రయాణం మాత్రం ఆగేది కాదు. తర్వాత విశ్వవిద్యాలయంలో అరబ్బీ మూలగ్రంథాలు చదివేటప్పుడు, ఆ తర్వాత అనువాదమే వృత్తిగా మారినప్పుడు, చిన్ననాటి ఆ నవలల మీద ఒక సందేహం నాలో పెరుగుతూ వచ్చింది. పాఠక మహాశయులతో ఆ సందేహాన్ని పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ నవలలన్నింటిలో ఇల్లు రెండు సందర్భాలలోనే కనిపిస్తుంది. మొదటిది వీడ్కోలు. గుర్రం గుమ్మం ముందు నిలిచి ఉంటుంది; తల్లి కన్నీరు మింగి కొడుకు నడుముకు కత్తి కడుతుంది; భార్య తలుపు వెనక నిలబడి దుఆ చేస్తుంది. రెండవది వార్త. గెలుపు వార్తయినా, షహాదత్ వార్తయినా ఇంటికి ఉత్తరంగానే వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న వందల పుటలలో ఇల్లు ఎక్కడ ఉంది? రౌతు విధి, రౌతు ఇల్లు అనేవి ఒకదాన్ని వదిలితేనే మరొకటి దక్కే వస్తువులా? చరిత్రలో నిజంగా జీవించిన ఒక రౌతు ఈ ప్రశ్నకు ఏమని జవాబు చెప్పాడు?

నవల ఎందుకు పుట్టింది?

ముందుగా ఈ నవలాకారులకు న్యాయం చేయాలి. స్కాట్లాండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1825లో శిలువ యుద్ధాలను ఇతివృత్తంగా తీసుకుని ‘టాలిస్మన్’ అనే నవల ప్రచురించాడు. అందులో ముస్లిములను చిత్రించిన తీరు లక్నో రచయిత అబ్దుల్ హలీమ్ షరర్ (1860–1926) మనసును నొప్పించింది. దానికి జవాబుగా ఆయన 1888లో ‘మలికుల్ అజీజ్ వర్జినా’ రాశాడు. ఉర్దూలో చారిత్రక నవలకు అదే నాంది అని విమర్శకులు అంటారు. ఈ షరర్ కొన్నేళ్లు మన హైదరాబాదులో కొలువు చేసినవాడే. అరబ్బీలో జుర్జీ జైదాన్ (1861–1914), ఆ తర్వాత ఉర్దూలో నసీమ్ హిజాజీ ఈ ప్రక్రియను ఇంటింటికీ చేర్చారు. హిజాజీ ‘ముఅజ్జమ్ అలీ’, ‘ఔర్ తల్వార్ టూట్ గయీ’ నవలలలో ఒక సైనిక కుటుంబపు రెండు తరాల కథను మైసూరు సుల్తానుల చరిత్రతో ముడిపెట్టాడు.

రాజ్యం పోయి, ఆత్మగౌరవం కుంగిన కాలంలో ఈ నవలలు ఒక జాతికి వెన్ను నిలబెట్టాయి. ఆ మేలు మరువరానిది. అయితే ఎదుటివాడి నిందకు జవాబుగా పుట్టిన రచనకు ఒక బలహీనత ఉంటుంది. నింద ఏ మూసలో ఉంటే జవాబూ ఆ మూసలోనే తయారవుతుంది. స్కాట్ వీరుడికి బదులుగా మన వీరుడు వచ్చాడు. కాని మనిషి రాలేదు.

ఆ మనిషి ఎవరు?

ఉసామా బిన్ మున్‌ఖిజ్ హిజ్రీ 488లో, అంటే క్రీ.శ. 1095లో, సిరియాలోని షైజర్ కోటలో జన్మించాడు. హమాకు సమీపంలో, ఆసీ నది ఒడ్డున, కొండ కొమ్ము మీద ఉన్న కోట అది. మొదటి శిలువ యుద్ధానికి పిలుపు వచ్చింది కూడా ఆ ఏడాదే. హిజ్రీ 584లో (1188) దమిష్కులో కన్నుమూశాడు. అంతకు ఏడాది ముందే సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ మఖ్దిస్‌ను తిరిగి సాధించాడు. అంటే శిలువ యుద్ధాల మొదటి శతాబ్దమంతా ఈ ఒక్క మనిషి ఆయుష్షులో ఇమిడిపోయింది. ఇమాదుద్దీన్ జంగీ, దమిష్కు పాలకులు, ఈజిప్టులోని ఫాతిమీలు, నూరుద్దీన్ జంగీ, చివరకు సలాహుద్దీన్ — వీరందరి కొలువులోనూ ఆయన ఉన్నాడు.

హిజ్రీ లెక్కన తొంభై ఏళ్ల ప్రాయంలో ఆయన తన అనుభవాలను చెప్పి రాయించాడు. ఆ గ్రంథం పేరు ‘కితాబుల్ ఏతిబార్’. దాని రాతప్రతి ఒక్కటే, అదీ మొదటి పుటలు పోయిన స్థితిలో, స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో దొరికింది. ఫ్రెంచి పండితుడు దెరెన్‌బర్గ్ దాన్ని 1880లో గుర్తించాడు. ఫిలిప్ హిట్టి ఆంగ్లానువాదం 1929లో వెలువడింది. షరర్ తన మొదటి చారిత్రక నవల రాసేనాటికి ఈ గ్రంథం లోకానికి అప్పుడప్పుడే తెలుస్తోంది.

విధి అంటే ఏమిటి?

ఉసామా తొలిసారి యుద్ధంలోకి దిగింది 1119లో, అఫామియా దగ్గర. అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. పినతండ్రి ఆజ్ఞ మీద, శత్రువుల పొలాలు కొల్లగొట్టడానికి బయలుదేరిన జనానికి కాపుగా కొద్దిమంది రౌతులతో వెళ్లాడు. అనుకోకుండా ఫరంగీల సేన ఎదురుపడింది. ఆ క్షణంలో, తన వెంట వచ్చినవారు నశించడం కన్నా తాను చనిపోవడమే తేలిక అనిపించిందని ఆయన చెబుతాడు. గమనించండి: జయం గురించి గాని, కీర్తి గురించి గాని మాట లేదు. నమ్మి వచ్చినవారి బాధ్యత ఒక్కటే ఉంది.

మిగిలిన విషయాలు ఆయన పనివాడు తన పని గురించి చెప్పినట్టు చెబుతాడు. బల్లెం విసురుగా ఆడించకూడదు. చేతితో గట్టిగా పట్టి, చంకలో ఇరికించి, ఒంటికి ఆనించుకోవాలి. పోటు పొడిచే పని గుర్రం వేగానికి వదిలేయాలి. చెయ్యి కదిలిందా, దెబ్బ వృథా. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒళ్లంతా గాయాలైనా రౌతును దించకుండా మోసుకొచ్చిన గుర్రాలను ఆయన తోటి యోధులను తలచుకున్నంత ప్రేమతో తలచుకుంటాడు. తన తప్పులు, తన ఓటములు, అనవసరంగా భయపడిన సందర్భాలు కూడా దాచలేదు. నవలా నాయకుడికి ఈ స్వేచ్ఛ లేదు.

ఇల్లే పాఠశాల

ఇంతకూ ఈ విధిని ఆయన ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంట్లోనే నేర్చుకున్నాడు.

తండ్రి ముర్షిద్ 1098లో అన్న చనిపోయినప్పుడు కోట పాలన తన చేతికి వచ్చినా స్వీకరించక, తమ్ముడు సుల్తాన్‌కు అప్పగించినవాడు. పగలు ఉపవాసం, ఖుర్ఆన్ పారాయణం, వేట. రాత్రి అల్లాహ్ గ్రంథాన్ని స్వహస్తంతో ప్రతులు రాయడం — ఇదీ ఆయన దినచర్య. ఆయన రాసిన ప్రతులు నలభైకి పైగా ఉండేవి. తన మీద అంత ప్రేమ ఉన్న తండ్రి ఏనాడూ తనను అపాయానికి ఎదురు వెళ్లవద్దని వారించలేదని ఉసామా అంటాడు. ఉదాహరణకు తన చిన్ననాటి సంగతి చెబుతాడు. ఇంటి ముంగిట గోడ మీద ఒక పాము తల బయటపెట్టింది. పిల్లవాడైన ఉసామా నిచ్చెన వేసుకుని ఎక్కి, చిన్న కత్తితో దాని మెడ కోయసాగాడు. తండ్రి నిలబడి చూస్తున్నాడు గాని పెదవి కదపలేదు. ఆ మౌనంలో ఎంత భయం ఉండి ఉంటుందో పిల్లలున్నవారికి వేరే చెప్పాలా?

తల్లి సంగతి మరీ గంభీరమైనది. మగవారు కోటలో లేని వేళ చూసి ఇస్మాయీలీ బాతినీలు షైజర్ మీద పడ్డారు. ఉసామా తిరిగివచ్చి ఆయుధాల కోసం వెతికితే ఒరలు తప్ప మరేమీ కనిపించలేదు. పోరాడగలిగిన వారందరికీ తల్లి వాటిని పంచేసింది. అక్కను లోయ వైపు వసారాలో కూర్చోబెట్టి, తాను గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది. శత్రువులు లోపలికి వస్తే బిడ్డ వారికి చిక్కకుండా లోయలోకి తోసివేయాలని ఆమె నిశ్చయం. ఉసామా దీన్ని గౌరవంతో చెబుతాడు. నేను దీన్ని ఆదర్శంగా చూపడం లేదు. ప్రాణం అల్లాహ్ అమానత్. కాని యుద్ధం పొలిమేరలో జరిగేదనీ, ఇల్లు భద్రంగా దూరాన ఉండేదనీ అనుకునే పాఠకుడికి ఈ సంఘటన కళ్లు తెరిపిస్తుంది. యుద్ధం వసారా దాకా వచ్చింది. నిర్ణయం తీసుకోవలసింది తల్లి.

ఇంకొక దృశ్యం. ఉసామా సింహాన్ని చంపి ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి వయసు మీరిన నాయనమ్మ అతని దగ్గరకు వచ్చి కోప్పడింది. ఎందుకీ సాహసాలని అడిగితే, బాబాయి మనసుకు దగ్గర కావడానికని జవాబిచ్చాడు. ఆమె కాదన్నది. నీ ప్రతి ఘనకార్యమూ నిన్ను ఆయనకు మరింత దూరం చేస్తుందని హెచ్చరించింది. అదే జరిగింది. పినతండ్రికి ఆలస్యంగా కొడుకులు కలిగారు. 1137లో ముర్షిద్ చనిపోయాడు. మరుసటి ఏడాదికే ఉసామా పుట్టిన కోట విడిచి వెళ్లవలసి వచ్చింది. శత్రువుల బల్లేలకు అందని రౌతును దాయాదుల అసూయ గుర్రం మీద నుంచి దించింది.

శత్రువు ఇంటిలోనూ తల్లి ఉంది

ఒక ఫరంగీ యోధుడు ఉసామాతో స్నేహం చేసి ‘తమ్ముడా’ అని పిలిచేవాడు. స్వదేశానికి వెళ్తూ, నీ పద్నాలుగేళ్ల కొడుకును నాతో పంపితే మా దేశంలో విజ్ఞత, యుద్ధకళ నేర్చుకుని వస్తాడని అడిగాడు. అంతకన్నా బందీగా పోవడమే నయమని ఉసామా మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం, వీడి నాయనమ్మకు వీడంటే ప్రాణమనీ, తిరిగి తెచ్చి అప్పగిస్తానని ప్రమాణం చేస్తే గాని గడప దాటనివ్వదనీ చెప్పాడు. మీ అమ్మ జీవించి ఉందా అని అతడు అడిగాడు. ఉందనగానే, అయితే ఆమె మాట దాటవద్దన్నాడు. రెండు సేనలు, రెండు మతాలు, మధ్యలో ఒక్క తల్లి మాట. దాన్ని ఇద్దరూ మన్నించారు.

అలాగని స్నేహం ఓడలను కాపాడలేదు. 1154లో ఉసామా ఈజిప్టు విడిచాడు. వెనక మిగిలిన కుటుంబం, ఆడా మగా యాభై మంది దాకా, ఫరంగీ రాజు అభయపత్రంతో ఓడలో బయలుదేరారు. అక్కా తీరంలో రాజు మనుషులే గొడ్డళ్లతో ఓడను పగలగొట్టి, ముప్పై వేల దీనార్ల విలువైన సొత్తు దోచుకుని, దారి ఖర్చుకు అయిదు వందల దీనార్లు ఇచ్చి పంపారు. తన బిడ్డలు, అన్నదమ్ముల బిడ్డలు, ఆడవారు క్షేమంగా చేరారు గనుక ధనం పోయినా బాధ అనిపించలేదంటాడు ఉసామా. నాలుగు వేల పుస్తకాలు పోయిన బాధ మాత్రం బ్రతికినంత కాలం తీరలేదట. నవలలో ఏ రౌతు అయినా పుస్తకాల కోసం ఏడ్చాడా?

గుమ్మం ముందు గుర్రం

1157 వేసవిలో సిరియాను భూకంపం కుదిపింది. షైజర్‌లో ఆ సమయాన మున్‌ఖిజ్ వంశీయులంతా ఒక వేడుకకు ఒకే ఇంట్లో చేరి ఉన్నారు. కోట కూలి దాదాపు వంశమంతా సమాధి అయింది. చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్ ఒక సంగతి రాశాడు. కోట ప్రభువుకు ప్రాణప్రదమైన గుర్రం ఒకటి ఆ ఇంటి గుమ్మంలో కట్టి ఉంది. భూమి కంపించగానే జనం బయటకు పరుగెత్తారు; బెదిరిన గుర్రం మొదటివాణ్ణి తన్ని చంపి, మిగిలినవారికి దారి లేకుండా చేసింది. ఇంతలో ఇల్లు కూలింది.

వెళ్లగొట్టబడిన ఉసామా బ్రతికాడు. వెళ్లగొట్టినవారి వంశం పోయింది. ఆయన సంతోషించలేదు. శిథిలమైన ఇళ్ల గురించీ, విడిచిన ఊళ్ల గురించీ అరబ్బు కవులు చెప్పిన పద్యాలన్నీ ఏర్చి కూర్చి ‘అల్ మనాజిల్ వద్దియార్’ అనే గ్రంథం సంకలనం చేశాడు. మనాజిల్ అంటే విడుదులు, దియార్ అంటే ఇళ్లు, ఊళ్లు. సిరియాలో అంతటి పేరున్న రౌతు తన దుఃఖానికి పెట్టుకున్న పేరు అది.

ఏతిబార్

ఉసామాను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 1153, 1154 సంవత్సరాలలో కైరోలో వజీరూ, ఖలీఫా వరుసగా హత్యకు గురైన కుట్రలలో ఆయన చెయ్యి ఉందని తర్వాతి చరిత్రకారులు రాశారు. తన గ్రంథంలో ఆయన వాటిలో తన పాత్రను జాగ్రత్తగా దాటవేశాడు. ఇంతగా ప్రేమించిన తల్లి పేరు కూడా మనకు చెప్పలేదు. స్వీయచరిత్రను కూడా తూచి చదవవలసిందే.

‘ఏతిబార్’ అనే మాట ‘ఇబ్రత్’తో పుట్టింది. తెలుగులో గుణపాఠం అంటాం. కాని ఆ ధాతువుకు దాటడం అనే అర్థం ఉంది: కనిపించిన సంఘటన నుంచి దాని లోపలి సత్యానికి దాటడం. దీనికి సరిపడే ఒక్క తెలుగు మాట నాకు ఇంకా దొరకలేదు. అపాయానికి ఎదురు వెళ్లినంత మాత్రాన ఆయుష్షు తగ్గదు, దాక్కున్నంత మాత్రాన పెరగదు — ఇదే ఆయన దాటి చేరుకున్న ఒడ్డు. యుద్ధాలలో బ్రతికినవాడు, పండగ ఇంట్లో చనిపోయిన బంధువులను చూసి పలికిన మాట గనుక దానికి బరువు ఉంది.

మన పిల్లల చేతి నుంచి నవలలు లాక్కోమని నేను చెప్పను. నవల చదివిన పిల్లవాడు గుర్రం ఎక్కాలని కలగంటాడు, అది మంచిదే. ఆ పక్కనే ఈ వృద్ధ రౌతు పుస్తకాన్నీ ఉంచుదాం. మౌనంగా నిలబడి చూసిన తండ్రినీ, ఒరలు ఖాళీ చేసిన తల్లినీ, నిజం చెప్పిన నాయనమ్మనూ పిల్లవాడు చూడాలి. గుర్రం దిగిన తర్వాత వెళ్లవలసిన చోటు ఒకటి ఉంటుందని అప్పుడు వాడికి తెలుస్తుంది.