పూస, మెట్టు, శ్వాస: సిక్కుల నామజపంలో లెక్క చరిత్ర

సంస్కృతంలోని ‘స్మరణ’ శబ్దమే పంజాబీ నోట ‘సిమ్రన్’ అయింది. సిక్కు మతంలో పరమాత్మను ఎడతెగక తలచుకోవడాన్ని నామ్ సిమ్రన్ అంటారు. ‘వాహెగురూ’ అనే నామాన్ని గాని, గురువుల వాణిలోని ఒక భాగాన్ని గాని పెదవులతోనో మనసులోనో పదేపదే పలకడం అందులో ప్రధానమైన సాధన. పదేపదే అన్నచోట ఎన్నిసార్లు అన్న ప్రశ్న పుట్టక మానదు. రామకోటి రాసే అలవాటున్న తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఐదు శతాబ్దాలుగా సిక్కు సంప్రదాయం దీనికి ఒకే జవాబు చెప్పలేదు. గురువుల వాణి జపమాలను విమర్శించింది. అయినా మాల సిక్కుల చేతుల్లోంచి పూర్తిగా జారిపోలేదు. ఈ రెంటి నడుమ వైరుధ్యం ఉన్నట్టు పైకి కనిపించినా, గురువులు నిరాకరించినది లెక్కించడాన్ని కాదనీ, లెక్కను పుణ్యంగా జమకట్టుకోవడాన్ననీ గుర్తిస్తే ఈ చరిత్రలోని చిక్కు చాలామటుకు విడివడుతుంది.

గురునానక్ (1469–1539) పుట్టి పెరిగిన పంజాబులో మూడు జప సంప్రదాయాలు పక్కపక్కనే బతికాయి. వైష్ణవులు 108 పూసల తులసిమాలను తిప్పేవారు. ఆ మాలలో మేరువు అనే పెద్ద పూస దగ్గరికి చేరినప్పుడు దాన్ని దాటకుండా వెనక్కు మరలడం నియమం. సూఫీలు 99 లేదా 33 పూసల తస్బీతో దైవనామాలను స్మరించేవారు; ఈ స్మరణకు వారి పేరు జిక్ర్. నాథయోగులు పూసలతో పని లేకుండా ఉచ్ఛ్వాస నిశ్వాసలనే జపంగా భావించి, దానికి ‘అజపాజపం’ అని పేరు పెట్టి, మనిషి ఒక పగలూ రాత్రీ కలిపి 21,600 సార్లు శ్వాసిస్తాడని లెక్క కట్టారు. పూస, నామం, శ్వాస అనే ఈ మూడు కొలతలూ గురునానక్‌కు పరిచయమైనవే. నాథ సిద్ధులతో సంవాద రూపంలో ఆయన రచించిన ‘సిధ్ గోష్ఠి’ సిక్కుల పవిత్రగ్రంథమైన గురుగ్రంథ సాహిబ్‌లో ఉంది. సూఫీ అయిన షేక్ ఫరీద్ శ్లోకాలకూ ఆ గ్రంథంలో చోటు దొరికింది.

సిక్కు వాణి మాలను ఎదుర్కొన్న తీరు గమనించదగినది. ప్రతి ఉదయం గురుద్వారాల్లో పాడే ‘ఆసా దీ వార్’లో గురునానక్, మెడలో మాల, నుదుట తిలకం ధరించి సత్యాన్ని మాత్రం విడిచినవాణ్ణి నిలదీస్తారు. అయితే వాణి అక్కడితో ఆగిపోక, మాల అన్న మాటనే తీసుకొని దానికి కొత్త అర్థం కల్పిస్తుంది. గురుగ్రంథంలో చోటు పొందిన కబీరు తన స్మరణమాల నాలుక మీదనే ఉందంటాడు. ఐదో గురువు అర్జన్ దేవ్, ‘హరి’ అన్న పలుకునే మాలగా చేసుకోమని బోధిస్తారు. నాలుగో గురువు రామదాస్ సిక్కు దినచర్యను వర్ణిస్తూ, వేకువనే లేచి స్నానం చేసి, ప్రతి శ్వాసలోనూ ప్రతి ముద్దలోనూ హరిని ధ్యానించేవాడే గురువుకు ప్రియమైనవాడని చెబుతారు. శ్వాసనూ అన్నం ముద్దనూ కొలతగా పెట్టుకున్న జపంలో మొత్తం కూడే అవకాశమే లేదు; ఊపిరి ఉన్నంతకాలం సాగే పనికి చివరి అంకె ఎక్కడిది?

అయినా మాల అనే వస్తువు నిలిచింది. 18, 19 శతాబ్దాల చిత్రకారులు గురునానక్‌ను చేత జపమాలతో చిత్రించడం మామూలే. సాధన చేసే సిక్కులు వాడే చిన్న మాలకు ‘సిమర్నా’ అని పేరు. పిడికిట్లో ఇమిడిపోయే ఈ మాలలో తరచుగా 27 పూసలో ముడులో ఉంటాయి. నాలుగుసార్లు తిప్పితే 108 అవుతుంది. నిహంగులు, అంటే ఆయుధధారులైన సంప్రదాయ సిక్కు యోధులు, ‘సర్బ్‌లోహ్’ అని పిలిచే శుద్ధమైన ఇనుముతో చేసిన సిమర్నాను ఇష్టపడతారు. మాల లేనివారికి చేతివేళ్ళే చాలు: నాలుగు వేళ్ళకు మూడేసి కణుపుల చొప్పున 12, వాటి మీదుగా బొటనవేలు తొమ్మిది చుట్లు తిరిగితే 108. ఈ పద్ధతుల్లో చెయ్యి ఎన్నిసార్లన్నది గుర్తుపెట్టుకుంటుంది గనుక, మనసుకు ఆ భారం తప్పుతుంది. మాలకు అసలైన ప్రయోజనం ఇదే. దృష్టి నామం మీది నుంచి మళ్ళీ అంకె మీదికి పోయినప్పుడు మాల తన పనికి తానే అడ్డు తగులుతుంది. వాణి చేసిన విమర్శ ఆ క్షణానికే వర్తిస్తుంది.

పూసలు లేని లెక్కకు సిక్కు చరిత్రలో అత్యంత విశిష్టమైన ఉదాహరణ గోయింద్‌వాల్ దిగుడుబావి. బియాస్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని మూడో గురువు అమరదాస్ (గురుపీఠంలో 1552–1574) తన కేంద్రంగా చేసుకొని, అక్కడ ‘బావలీ’, అంటే నీటి మట్టం దాకా మెట్లున్న బావి, తవ్వించారు. కులభేదం లేకుండా అందరూ ఒకే నీటిలో స్నానం చేసి, ఒకే పంక్తిలో భోజనం చేసే చోటుగా గోయింద్‌వాల్ రూపొందింది. బావి మెట్లు 84. జీవుడు 84 లక్షల యోనుల్లో తిరుగుతాడన్న నమ్మకంతో భక్తులు ఆ సంఖ్యను ముడిపెట్టారు. నీటిలో మునిగి ఒక మెట్టు మీద ‘జప్‌జీ’ చదవడం, మళ్ళీ మునిగి తర్వాతి మెట్టు మీద మళ్ళీ చదవడం, ఇలా 84 మెట్లకు 84 పారాయణాలు పూర్తిచేయడం అక్కడి ఆచారం. జప్‌జీ గురునానక్ రచన. ఆరంభంలో మూలమంత్రం, నడుమ 38 ‘పౌడీలు’, చివర ఒక శ్లోకం దాని నిర్మాణం. పౌడీ అంటే మెట్టు అని అర్థం. కవిత్వంలోని మెట్టును రాతిమెట్టు మీద నిలబడి చదవడంలోని అందం పంజాబీ చెవికి విడిగా వివరించనక్కరలేదు. ఒక్కో పారాయణానికి 20 నిమిషాలు అనుకున్నా మొత్తం 28 గంటల దీక్ష అవుతుంది. ఇన్ని స్నానాలతో ఇన్ని పఠనాలతో జన్మచక్రం తెగుతుందన్న నమ్మకాన్ని సంస్కరణవాదులైన సిక్కులు అంగీకరించరు. తీర్థస్నానం మీద వాణిలోనే ఉన్న విమర్శను వారు ఎత్తిచూపుతారు. ఇరుపక్షాల వాదమూ ఎలా ఉన్నా, దీక్ష పట్టినవారికి లెక్క తప్పే భయం మాత్రం లేదు.

లెక్కకు ఇంకో రూపం గ్రంథంలోనే ఉంది. 1604లో అమృత్‌సర్‌లో గురు అర్జన్ దేవ్, భాయీ గురుదాస్ లేఖకుడిగా, గురుగ్రంథ సాహిబ్ తొలి రూపమైన ఆదిగ్రంథాన్ని సంకలనం చేసినప్పుడు ప్రతి చరణం చివరా సంఖ్య వేశారు. ఒక శబ్దం, అంటే ఒక కీర్తన, ముగిసినచోట అందులోని చరణాల సంఖ్య, ఆ వరుసలో కీర్తనల సంఖ్య, కొన్నిచోట్ల అప్పటికి అయిన మొత్తాలు కూడా అంకెల్లో కనిపిస్తాయి. గురువుల పేర్లతో కల్తీ రచనలు ప్రచారమవుతున్న కాలంలో ఈ అంకెలు కాపలా కాశాయి. మధ్యలో ఒక చరణం చేర్చినా తీసేసినా మొత్తం పొసగదు. గ్రంథం మొదలయ్యేదీ అక్షరంతో కాదు, ఒకటి అన్న అంకెతో: ‘ఇక్ ఓంకార్’ అనే ఆ మొదటి గుర్తులో పరమాత్మ ఏకత్వం సంఖ్యగానే రాసి ఉంటుంది. గురు అర్జన్ దేవ్ రచించిన ‘సుఖ్‌మనీ’లో 24 అష్టపదులు, ఒక్కోదానిలో ఎనిమిది పదాలు, మొత్తం 192 పదాలు ఉన్నాయి. మనిషి రోజుకు 24,000 సార్లు ఊపిరి పీలుస్తాడనీ, సుఖ్‌మనీ చదివినవారి ఆ శ్వాసలన్నీ సఫలమవుతాయనీ భక్తుల్లో ఒక నమ్మకం ఉంది. నాథయోగుల శ్వాస లెక్కకు అది దగ్గరి చుట్టం.

1699లో పదో గురువు గోవింద్ సింగ్, దీక్ష పొందిన సిక్కుల సమాజమైన ఖాల్సాను స్థాపించాక సంఖ్య దీక్షా విధానంలోకి వచ్చింది. ‘అమృత్’ స్వీకరించేవారికి ‘ఐదుగురు ప్రియులు’, అంటే దీక్ష ఇచ్చే ఐదుగురు ఖాల్సా సిక్కులు, ఐదు దోసిళ్ళ అమృతం తాగించి, ఐదుసార్లు కళ్ళ మీద, ఐదుసార్లు కేశాల మీద చిలకరిస్తారు. ఆ తర్వాతి జీవితానికి ‘నిత్‌నేమ్’, అంటే నిత్యనియమం, కొలత అవుతుంది: వేకువన జప్‌జీ, జాప్, పది సవైయాలు, సాయంత్రం రహిరాస్, నిద్రకు ముందు సోహిలా. ఇక్కడ లెక్కించేది ఆవృత్తిని కాదు, పూటను. ‘సవా లఖ్’, అంటే లక్షా పాతికవేలు, అనే సంఖ్య ఖాల్సా వాడుకభాషలో ఒక్క సిక్కు యోధుణ్ణి సూచించే ధైర్యవచనం కాగా, మూలమంత్రాన్ని అన్నిసార్లు జపిస్తామని మొక్కుకునే భక్తుల నోట అదే సంఖ్య జపసంకల్పంగా వినిపిస్తుంది.

19వ శతాబ్దంలో మాలను బాహాటంగా తిరిగి చేపట్టినవారు నామ్‌ధారీలు. భైణీ గ్రామానికి చెందిన బాబా రాంసింగ్ (1816–1885) 1857 బైశాఖీ నాడు ప్రారంభించిన ఈ ఉద్యమంలో తెల్లని దుస్తులు, 108 ముడుల తెల్లటి ఉన్నిమాల, నామజపం గుర్తింపు చిహ్నాలయ్యాయి; భావావేశంలో కేకలు వేసేవారు గనుక వారిని ‘కూకాలు’ అన్నారు. 1872 జనవరిలో మలేర్‌కోట్లా వద్ద బ్రిటిష్ అధికారులు 60 మందికి పైగా కూకాలను చంపించారు. వారిలో అత్యధికులను ఫిరంగులకు కట్టి పేల్చారు. రాంసింగ్‌ను రంగూన్‌కు ప్రవాసం పంపారు. ఉన్నిమాల పట్టిన చేతులు పరపాలనను ఎదిరించిన చేతులు కూడా అన్న సంగతి నామ్‌ధారీల స్మృతిలో నేటికీ సజీవంగా ఉంది.

మరుసటి ఏడాది, 1873లో, అమృత్‌సర్‌లో మొదలైన సింగ్ సభా ఉద్యమం వేరొక దారి పట్టింది. సిక్కు ధర్మం ప్రత్యేకమైనదన్న స్పృహతో, ఇతర సంప్రదాయాల నుంచి వచ్చాయని భావించిన ఆచారాలను అది పక్కకు పెట్టింది. ఈ ఆలోచన ఫలమే 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఆమోదించిన ‘సిఖ్ రహిత్ మర్యాదా’ అనే ఆచారసంహిత. సిక్కు వేకువజామున లేచి, స్నానం చేసి, ఏకైక అకాల పురుషుణ్ణి ధ్యానిస్తూ వాహెగురూ నామాన్ని జపించాలని అది చెబుతుంది గాని, ఎన్నిసార్లన్నది చెప్పదు; తిలకం, జంధ్యం, తులసిమాల వంటివాటిని గురుమతానికి విరుద్ధమైనవిగా పేర్కొంటుంది. గ్రంథాన్ని విరామం లేకుండా చదివే ‘అఖండ పాఠ్’ పక్కన కలశం, నేతిదీపం, కొబ్బరికాయ పెట్టడాన్నీ, దానితోపాటు వేరే పాఠాన్ని సమాంతరంగా సాగించడాన్నీ ఆ సంహిత తోసిపుచ్చింది. 1,430 పుటల గ్రంథం సుమారు 48 గంటల్లో, వంతులవారీగా, పూర్తవుతుంది. అక్కడి కొలత ఒక్కడి జపం కాదు, సమష్టి స్వరం.

అదే కాలంలో పూసనూ సంఖ్యనూ రెంటినీ దాటి శ్వాసనే ఆశ్రయించిన ధార విస్తరించింది. దానికి ప్రధాన ప్రవర్తకుడు భాయీ రణధీర్ సింగ్ (1878–1961). బ్రిటిష్ పాలనను కూలదోయాలన్న గదర్ విప్లవ ప్రయత్నంతో ముడిపడిన కేసులో శిక్షపడి, 1930 దాకా ఆయన చెరసాలల్లో గడిపారు. ఆ జైళ్ళ వరుసలో గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం కూడా ఉంది. ఊపిరితో కలిపి ‘వాహెగురూ’ అనుకోవడానికి ఏ వస్తువూ అక్కరలేదు. ఖైదీ దగ్గర నుంచి ఎవరూ లాక్కోలేని సాధన అది. ఆ గోదావరి ఎగువనే, గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన నాందేడ్ ఉంది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఆ క్షేత్రంలోని హజూర్ సాహిబ్ గురుద్వారాలో, పంజాబులో సంస్కరణ వల్ల తగ్గిపోయిన పాత ఆచారాలు చాలా నిలిచాయి. 1832లో నిజాం దీవాన్ చందూలాల్ కోరిక మీద మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైనికుల వారసులు హైదరాబాద్‌లో దఖనీ సిక్కులుగా స్థిరపడి, ఆ దక్షిణ సంప్రదాయంతో అనుబంధం కొనసాగించారు.

నేడు ఉన్నిమాల, ఇనుప సిమర్నాలతోపాటు వేలికి తొడిగే అంకెల యంత్రం కూడా జపంలోకి వచ్చింది. వస్తువు మారినా దాన్ని పరీక్షించే ప్రశ్న మారలేదు: అది మనసును లెక్క నుంచి విడిపిస్తున్నదా, లేక లెక్కకు కట్టేస్తున్నదా? తెర మీద పెరిగే మొత్తం వైపు చూపు పోయినవాడికి యంత్రం కూడా ఆసా దీ వార్‌లోని మెడమాలే అవుతుంది. గోయింద్‌వాల్ బావిలో తడిబట్టలతో నిలబడిన భక్తుడు తాను ఎన్నో పారాయణంలో ఉన్నాడో మరిచిపోయినా నష్టం లేదు. ఆ సంగతి గుర్తుంచుకోవడానికి కాళ్ళకింద మెట్టు ఉంది. అతను గుర్తుంచుకోవలసింది నామాన్ని.