తాతయ్య ‘ఇంగ్లండ్ బండి’ మీద మద్రాసు అక్షరాలు

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒక్క సైకిల్ గురించే. తెనాలి దగ్గర మా ఊళ్ళో, పశువుల కొట్టంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న మా తాతయ్య హెర్క్యులెస్. 1957లో పెళ్ళికి మామగారు పెట్టిన సైకిల్ అది. మా ఇంట్లో దాన్ని ‘ఇంగ్లండ్ బండి’ అనే అంటారు. సీమ నుంచి ఓడలో వచ్చిందని మా నాయనమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

పోయిన వేసవిలో దానికి రంగు వేద్దామని కూర్చున్నా. పైన నీలం, అది మా నాన్న కాలేజీ రోజుల్లో వేసింది. కింద ఆకుపచ్చ, అదెవరు వేశారో ఎవరికీ గుర్తు లేదు. పెయింట్ రిమూవర్ రాస్తే ఈ రెండూ పొరలు పొరలుగా లేచిపోయాయి. వాటి కింద నలుపు మాత్రం ఊడలేదు. ఎందుకంటే అది ఫ్యాక్టరీ రంగు. ఎనామిల్ పూసి, పెద్ద ఓవెన్‌లో పెట్టి కాల్చేవాళ్ళు. కాలిన రంగు గట్టిపడి ఇనుముని పట్టుకుంటుంది. ఇంట్లో బ్రష్‌తో వేసిన రంగుకి ఆ పట్టు ఉండదు. మీరెవరైనా ఇలాంటి పని చేస్తే ఒక్క జాగ్రత్త: పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకండి. వాటర్ పేపర్‌ని తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

హ్యాండిల్ కింద, ముందు గొట్టానికి ఇత్తడి బిళ్ళ ఒకటుంది. దాని మీదా నీలం రంగే. రంగు తీసి, చింతపండు, ఉప్పు వేసి గిన్నెలు తోమినట్టు తోమాను. ముందు హెర్క్యులెస్ అని కనిపించింది. ఇంకాస్త తోమితే కింద చిన్న అక్షరాలు: మద్రాస్.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. హెర్క్యులెస్ నిజంగా ఇంగ్లండ్ కంపెనీయే. 1910లో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. స్వాతంత్ర్యానికి ముందు మన దగ్గర తిరిగిన సైకిళ్ళలో ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చినవే. తర్వాత సరుకు ఇక్కడే తయారవ్వాలని ప్రభుత్వం దిగుమతులకి కళ్ళెం వేసింది. దాంతో బయటి కంపెనీలు ఇక్కడి వాళ్ళతో చేతులు కలిపాయి. 1949లో ఇంగ్లండ్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, మద్రాసు మురుగప్ప కుటుంబం కలిసి టీఐ సైకిల్స్ పెట్టాయి. ఫ్యాక్టరీ మద్రాసు పక్కన అంబత్తూరులో. బెంగాల్‌లో అసన్‌సోల్ దగ్గర సెన్ ర్యాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో... అన్నీ ఆ పదేళ్ళ లోపే.

అంటే తాతయ్య పెళ్ళి నాటికి పేరు సీమది, తయారీ మనది. ఆకారమూ అదే: 28 అంగుళాల చక్రాలు, కమ్మీ బ్రేకులు, నల్ల రంగు. చూసినవాళ్ళు ఇంగ్లండ్ బండి అనుకున్నారంటే వాళ్ళ తప్పేం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా తెనాలి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. మద్రాసు మనకి పెద్ద దూరమేమీ కాదు.

ఇంకో చిన్న వస్తువు కూడా దొరికింది. సీటు స్ప్రింగుకి తీగతో కట్టిన రేకు బిళ్ళ. అప్పట్లో చాలా మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిల్‌కి పన్ను వసూలు చేసేవి. కట్టినట్టు ఆనవాలుగా ఇలాంటి బిళ్ళ ఇచ్చేవాళ్ళు. అంకెలు అరిగిపోయాయి.

విడదీయడం గురించి ఒక్క మాట. ఎడమ పెడలు మర రివర్స్‌లో ఉంటుంది. నాకు తెలీక గంటసేపు బిగించుకుంటూ కూర్చున్నా.

ఇప్పుడు అసలు తప్పు చెబుతా. చైన్ కేసు మీద కూడా ఏమీ చూడకుండా రిమూవర్ పులిమేశా. నీలం, ఆకుపచ్చ పోయాయి. గుడ్డతో తుడుస్తుంటే గుడ్డకి తెల్లరంగు అంటుకుంది. ఆగి చూస్తే నలుపు మీద సగం ‘వ’ అక్షరం మిగిలింది. అక్కడ ఎవరో చేత్తో రాశారు. బ్రష్ రంగు కదా, మిగతాదంతా లేచిపోయింది.

ఫ్రేముకి ప్రైమర్ కొట్టి, స్ప్రేతో పల్చగా మూడు కోట్లు నలుపే వేశాను. అంతా బిగించాక నాయనమ్మని పిలిచాను. ముందు ఇత్తడి బిళ్ళ చూపించా.

“మద్రాసా? మా నాయన ఇంగ్లండ్ అనే చెప్పాడే” అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, “పోన్లే, అప్పు కొంచెం తక్కువ చేసుంటాడు” అంది.

ఆ తర్వాత వంగి చైన్ కేసు మీద చెయ్యి పెట్టింది. “ఏరా, ఇక్కడ పేరుండాలి కదా? మీ తాతయ్య పేరూ, మన ఊరి పేరూ. తెనాలిలో బోర్డులు రాసే అతను రాశాడు. పక్కనే నిలబడి చూశా.”

ఆ పేరు ఉండేదని మా నాన్నకి కూడా తెలీదు. ఫోటో ఎక్కడా లేదు. మళ్ళీ రాయిద్దామా అనడిగితే నాయనమ్మ వద్దంది. అందుకే చైన్ కేసుకి రంగు వెయ్యలేదు. ఆ సగం ‘వ’ మీద పారదర్శకంగా ఉండే లక్కర్ ఒక్క పూత కొట్టి వదిలేశా. వీడియోలో మీరు చూస్తున్నది అదే.

మీ ఇంట్లో పాత సైకిల్ ఉంటే, రిమూవర్ మూత తీసే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ముందు గొట్టం బిళ్ళ మీద ఏ ఊరి పేరుందో కామెంట్లో రాయండి.