గిద్ద నుంచి పుట్టి దాకా: పిల్లలకు మన కొలతల లెక్క

మా సంఘం ఆదివారం తెలుగు తరగతిలో నాలుగో తరగతి పాప ఒకతె "తవ్వ బియ్యం" అన్న మాట విని, బియ్యాన్ని ఎందుకు తవ్వాలని అడిగింది. అందరం నవ్వాము. తప్పు మాత్రం పాపది కాదు. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో లీటరు, కిలో నేర్చుకునే మన పిల్లలకు ఈ మాటలు అమ్మమ్మల నోట తప్ప ఇంకెక్కడా వినపడవు. 3 నుంచి 5వ తరగతి పిల్లలకు ఇంట్లోనే చెప్పుకోవడానికి వీలుగా ఆ లెక్కను ఇక్కడ రాసి పెడుతున్నాము.

ముందు గింజల కొలత. 4 గిద్దలు ఒక సోల. 2 సోలలు ఒక తవ్వ. 2 తవ్వలు ఒక మానిక. 4 మానికలు ఒక కుంచం. 4 కుంచాలు ఒక తూము. 20 తూములు ఒక పుట్టి. మధ్యలో 2 మానికలకు అడ్డ అని పేరు. కర్ణాటకలో పెరిగిన పిల్లలకు 20 కొళగలు ఒక ఖండుగ అన్న లెక్క తెలిసి ఉంటే, పుట్టి చెప్పడం ఇంకా సులువు. పుట్టికి 5,120 గిద్దలని పిల్లల చేతనే గుణించి రాబట్టించండి. "పుట్టెడు దుఃఖం" అంటే ఎంతో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

పిల్లలు తరచూ తడబడేది ఎప్పుడు గుణించాలి, ఎప్పుడు భాగించాలి అన్న దగ్గర. సూత్రం బట్టీ పట్టిస్తే మరునాటికి మరిచిపోతారు. ఒక చిన్న గ్లాసు, దానికి నాలుగింతలు పట్టే గిన్నె ముందు పెట్టి బియ్యం పోయించండి. చిన్న పాత్రతో కొలిస్తే ఎక్కువసార్లు పోయాలి, కాబట్టి సంఖ్య పెరగాలి. పెద్ద పాత్రతో అయితే తగ్గాలి. 3 మానికల 2 సోలలను సోలలుగా మార్చమంటే, మానికకు 4 సోలలు గనుక 12, మీద 2, మొత్తం 14. వెనక్కి వెళ్ళేటప్పుడు శేషాన్ని పారేయకూడదు, అది కింది కొలతగా మిగులుతుంది. పోసేటప్పుడు ఒకసారి శిఖరంగా, ఒకసారి చదునుగా పోస్తే లెక్క కుదరదు. ఆ మాట ముందే చెప్పండి.

పొడవుకు పాత్రలు కూడా అక్కర్లేదు, చెయ్యి చాలు. 2 జానలు మూర, 2 మూరలు గజం, 2 గజాలు బార. ఇక్కడ ఒక చిక్కుంది. పాత లెక్కలో అంగుళమంటే వేలి వెడల్పు, జానకు 12. స్కేలు మీది అంగుళాలైతే జానకు 9. రెంటినీ కలిపితే పిల్లవాడి జవాబు తప్పుతుంది. ఆ తప్పు చెప్పినవాళ్ళదే.

తూకంలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. 5 పలాలను ఏబలం అనీ, 10 పలాలను పదలం అనీ అనేవారు. తులం సుమారు 11.66 గ్రాములు కాబట్టి వీశె దాదాపు 1.4 కిలోలు, మణుగు 11.2 కిలోలు. ఇది పాత మద్రాసు లెక్క. మహారాష్ట్రలోని మన బంధువులు చెప్పే మణ్‌కు 40 శేర్లు. 80 తులాల శేరు లెక్కన అది సుమారు 37.3 కిలోలు. 1956 తూనికలు, కొలతల చట్టం వచ్చాక దేశమంతటికీ కిలో ఒక్కటే అయింది.

భూమి కొలతల దగ్గర మాత్రం ఒకే మాట రెండు కొలతలుగా ఇప్పటికీ నడుస్తోంది. కర్ణాటక, మహారాష్ట్రలలో 40 గుంటలు ఎకరం, అంటే గుంటకు 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో 25 గుంటలే ఎకరం. అక్కడ గుంటకు 4 డిసిమళ్ళు, అంటే తమిళనాడు లెక్కలో 4 సెంట్లు. మాకు తెలిసిన ఒక కుటుంబంలో బరంపురం వైపు భూమి పంచుకునేటప్పుడు "20 గుంటలు" అని కాగితం మీద రాసుకున్నారు. బళ్ళారిలో ఉన్న తమ్ముడు దాన్ని అర ఎకరం అనుకున్నాడు. అన్న లెక్కలో అది 80 సెంట్లు. గుమాస్తాగా ముప్పై ఏళ్ళు కాగితాలు చూసిన మేమే ఆ తేడా పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. అన్నదమ్ముల మధ్య మాటలు మళ్ళీ మొదలవడానికి ఏడాది పట్టింది. అందుకే మా తరగతిలో గుంటల లెక్క ఇచ్చినప్పుడల్లా పక్కనే రాష్ట్రం పేరు రాయిస్తున్నాము.

ఈ వారం పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది: 75 గిద్దల బియ్యం ఎంత? నాలుగేసి చొప్పున భాగిస్తే 18 సోలలు, మిగిలినవి 3 గిద్దలు. 18 సోలలు 9 తవ్వలు. 9 తవ్వలు 4 మానికలు, ఒక తవ్వ. 4 మానికలు ఒక కుంచం. జవాబు: 1 కుంచం, 1 తవ్వ, 3 గిద్దలు. బియ్యాన్ని ఎందుకు తవ్వాలని అడిగిన పాపే అందరికంటే ముందు చెప్పింది.