ఒకే పరిశోధకుడు – నూఱు కథలు

ఒకే మనుష్యుడు ఏండ్ల తరబడి దొంగతనములను, హత్యలను విచారించి దోషులను బయటపెట్టుచుండును. మొదటి కథలోనే అతని రూపము, మాటతీరు, తెలివి మనకు తెలిసిపోవును. కథాంతమున దోషి దొరకుననియు ముందే తెలియును. అయినను పదవ కథను, ఏబదవ కథను గూడ జనులు కోరి చదువుదురు. ఇది యెట్లు పొసగినది? ఇట్టి కథామాలలు వాడిపోకుండ రచయిత లేమి చేసిరి? ఈ విషయమును చరిత్రక్రమమున మనవి చేయదలచినాను. ఇది వట్టి కాలక్షేపపు ముచ్చట యని త్రోసివేయదగినది కాదు. కథ చెప్పవలసిన తాతయు, వినవలసిన మనుమడును ఒకే చూరుక్రింద నుండియు మాటలేక యుండుట నేడు పెక్కిండ్ల గాననగును. కావున ఇది మన యింటి విషయమే.

హైదరాబాదునకు పడమట మొయినాబాదు, చేవెళ్ళ యున్నవి. ఆ రెంటిని గలుపు బాట ఇరుప్రక్కల మఱ్ఱిచెట్లకు పేరువడినది. మఱ్ఱికి మాను ఒక్కటియే. కాని కొమ్మల నుండి ఊడలు దిగి నేలనంటి క్రొత్త మానులగును. చిరకాలము నిలిచిన కథామాలయు నిట్టిదే. మొయినాబాదు చెంతనున్న పెద్దమంగళారము 1890లో కొండా వెంకట రంగారెడ్డిగారు జన్మించిన యూరు. వారి బాల్యమున ఈ ప్రాంతమునందు తెలుగు పుస్తకము అరుదైన వస్తువు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో అచ్చటనే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. అటుపిమ్మట పఠనమందిరములు క్రమముగా పల్లెలకును ప్రాకినవి. పఠనమందిరమునకు జదువరిని రప్పించుటలో శాస్త్రగ్రంథము కంటె కథాపుస్తకమే ముందుండెనని నా తలంపు.

అయితే అచ్చుపుస్తకమునకు ముందే మనకీ విద్య కలదు. బేతాళకథలను తలచుకొనుడు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు కథాసరిత్సాగరమున వీనిని కూర్చెను. రాజు శవమును భుజమున వేసికొని వచ్చును. శవమందలి బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. రాజు బదులు పలుకగానే మౌనము భంగమై బేతాళుడు మరల చెట్టెక్కును. చెట్టు మారదు, శ్మశానము మారదు, రాజు మారడు. మారునది ప్రశ్న యొక్కటియే. అందరకంటె త్యాగి యెవడు? పాప మెవరికి జెందును? ఇట్టి చిక్కు వినగానే వినువాడు తానే న్యాయాధిపతి యగును. చివరకు రాజునకు గూడ బదులు తోచని ప్రశ్న వచ్చినది, అతడు మౌనము వహించినాడు, కథామాల ముగిసినది. ప్రశ్న యున్నంతవరకే కథయని ఈ పూర్వులు చక్కగా నెఱిగిరి.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు మీలో బలువురు చదివియుందురు. పండ్రెండు భాగముల యా గ్రంథమున మణిసిద్ధుడను యతి కాశీకి బయలుదేరును. తోడుగా వచ్చు గోపబాలుడు ఒక షరతు పెట్టును: మజిలీ మజిలీకి తాను చూచిన వింత యొక్క మర్మమును విప్పి చెప్పవలెను. అయ్యవారు వంట చేయుచుండగా ఆ పిల్లవాడు ఊరు తిరిగి ఏదో వింతను కనిపెట్టివచ్చును. యతి తన మణిప్రభావమున దాని పూర్వవృత్తాంతమును దెలిసికొని చెప్పును. ఇందు మర్మమును విప్పువాడు పెద్ద. దానిని కనిపెట్టి తెచ్చువాడు పిన్న. పండ్రెండు భాగములను నడిపించినది గురువుగారి పాండిత్యమే కాదు. నిదురపోని ఆ పిల్లవాని కుతూహలము గూడ.

ఇరువదవ శతాబ్దారంభమున బంగాళమునుండి పాంచ్‌కడీ దే మొదలగువారి నవలలు తెనిగింపబడి, అపరాధ పరిశోధనము మనవారికి క్రొత్త రుచి యైనది. మణి పోయి యుక్తి వచ్చినది. కాలిముద్ర, చింపిన కాగితము, తప్పిన మాట – వీని నాధారముగా గొని సత్యమును బట్టుట యిందలి పద్ధతి. దీనికి మూలపురుషులలో నొకడైన కోనన్ డాయిల్ అను ఆంగ్లరచయిత 1887లో షెర్లాక్ హోమ్స్ అను పాత్రను సృష్టించెను. కొన్ని యేండ్లకే ఆ పాత్ర యనిన విసుగుపుట్టి, 1893లో నొక జలపాతమున బడి చనిపోయినట్లు వ్రాసివేసెను. చదువరులు కోపించిరి, దుఃఖించిరి. తుదకు 1903లో బ్రతికివచ్చినట్లు వ్రాయక తప్పినది కాదు. అట్లు 1927 వరకు మొత్తము 4 నవలలు, 56 చిన్నకథలు వెలువడినవి. చదువరి కంటె ముందు రచయితయే విసుగుచెందుట కథామాలకు మొదటి ప్రమాదము.

ఆ ప్రమాదమును దాటిన యుపాయము అగాథా క్రిస్టీ యను నామె చేతిలో గలదు. 1930లో వెలువడిన నవలలో ఆమె మిస్ మార్పుల్ అను వృద్ధురాలిని పరిశోధకురాలిగా నిలిపెను. ఆ ముసలమ్మ ఊలు అల్లుకొనుచు పల్లెటూర గూర్చుండునదే గాని పోలీసు కొలువున్నది కాదు. హత్య జరిగిన చోట గనబడిన పెద్దమనిషి తమ యూరి ఫలానివానివలె నున్నాడే యని పోల్చుకొని, ఆ పోలికచేతనే దోషిని గుర్తించును. ఊరు చిన్నదైనను మనుష్యస్వభావ మంతయు నందే యున్నదని యామె సిద్ధాంతము. రచ్చబండమీద తగవులు తీర్చిన మీకు ఈ మాట క్రొత్త కాదు.

అంతకంటె గొప్ప సంగతి మఱియొకటి గలదు. క్రిస్టీ ఆ పల్లెను బొమ్మవలె నిలిపియుంచలేదు. 1962నాటి నవలలో ఆ యూరి చెంత క్రొత్త యిండ్ల కాలనీ వెలసినది. ఎఱుగని మనుష్యులు వచ్చిరి. ముసలమ్మకు చూపు తగ్గినది, తోటపని సాగదు. అయినను ఆమె క్రొత్త వీథులలో నడచి, ఆ మనుష్యులును పాతవారి వంటివారే యని కనుగొనును. ఊరు మారినది గనుకనే కథ క్రొత్తదైనది. మొయినాబాదు వైపు వారికి ఈ యనుభవము కలదు. 1908 మూసీ వరద తరువాత కట్టబడిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియై ఆ ప్రక్కల భూమిరూపమునే మార్చివేసినవి. నేడు పట్టణము పొలిమేర దాటి వచ్చుచున్నది. మారిన యూరిలో పెద్దవాని యెఱుక పనికిరాదనువారికి ఆ ముసలమ్మ కథయే సమాధానము.

మనలో మఱి రెండుదాహరణములు చెప్పెదను. 1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణి గారలు చందమామను స్థాపించిరి. అందు బేతాళకథలు ప్రకటింపబడుచు, పాత యిరువదియైదును చాలక, క్రొత్తవి కల్పింపబడి దశాబ్దముల పాటు సాగినవి. 1952 నుండి 1980 వరకు ఆ పత్రికను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి కాలమున ఇది స్థిరపడినది. ఆరంభము మారదు, ముగింపు మారదు; నడుమ కథయు, ధర్మసందేహమును మాత్రము క్రొత్తవి. పిల్లలకు తెలిసిన వాకిలినుండియే తెలియని యింటికి ద్రోవ చూపినారు. ఇప్పుడా పత్రిక వెలువడుట లేదు. కాని ఆ కథలు వినినవారు నేడు తాతలైయున్నారు.

రెండవది కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరు. 1926లో జన్మించిన ఈ రచయిత మద్రాసును రంగస్థలముగా గొని, యుగంధరు, అతని సహాయుడు రాజు, ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు అను పాత్రలతో నవలపై నవల వ్రాసెను. అద్దెపుస్తకముల దుకాణములలో నొక్కరాత్రికై తెచ్చుకొని చదివినవా రసంఖ్యాకులు. యుగంధరు ఏమి చేయునో చదువరి యెఱుగును. ఈమారు ఎవరి యింట, ఏ పగచేత, ఏ యాశచేత అపరాధము జరిగినదో యెఱుగడు. ఇట్టి వారిని చూచి పెక్కుమంది పరిశోధకులను సృష్టించిరి. వారిలో పేరు మాత్రము మార్చి, ప్రతి నవలలోను శవముల సంఖ్య పెంచినవారు త్వరలోనే మఱవబడిరి. శవములు పెరిగినంతమాత్రమున వింత పెరుగదు. మనుష్యుని మనస్సులో క్రొత్త మూల చూపిననే పెరుగును.

ఈ చరిత్రమువలన నేను గ్రహించినవి మూడు. చుట్టుకట్టు స్థిరముగా నుండవలెను. అది వినువానికి ధైర్యము. ప్రశ్న క్రొత్తదిగా నుండవలెను. అది వానికి ఆకలి. ఆధారములను దాచక చెప్పవలెను. అది వానికి గౌరవము. వినువానిని తెలివిలేనివానిగా నెంచినవాని కథ రెండవనాడు సాగదు.

కావున, పెద్దలారా, మా మాట యెవ్వరును వినరని మీరు మౌనము వహింపవలదు. పిల్లలు విసుగుకొన్నది కథను గాదు. తామే ముందుగా విప్పగల ముడిని మరల మరల విప్పి చూపుటను. ఎండిపోయిన బావి యెవరు త్రవ్వించినది, గట్టుమీది ఱాయి యెవరు పాతినది, రెండిండ్లకు మాటలు లేకపోవుటకు కారణమేమి – ప్రతి గ్రామమునను ఇట్టి మర్మములు నూఱు గలవు. బ్రతికియున్నవారి మనస్సు నొవ్వకుండ పేళ్ళు మార్చి, ఆనవాళ్ళను వరుసగా జెప్పి, కారణమును మాత్రము ఆ రాత్రికి చెప్పక యుంచుడు. మఱునాడు పిల్లవాడే వచ్చి యడుగును. ఆ మర్మము లెఱిగినవారు మీరు తప్ప గ్రామమున వేఱెవ్వరును లేరు. మీతో నవి మాసిపోనీయకుడని నా ప్రార్థన.