చివరి గడి లేని ఆట

వైకుంఠపాళి ఆడువానిని ఎన్ని పాములు మ్రింగినను, పైన పరమపదమను గడి యొకటి కలదన్న ధైర్యము వానికి ఉండును. గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలోను జపానులోను వ్యాపించిన ఆర్కేడ్ వీడియో ఆటలలో పెక్కింటికి అట్టి చివరి గడి లేదు. నాణెము వేసిన యంత్రము మేల్కొనును. కొంతసేపటికి ఆడువాడు ఓడును. ఎంతటి నేర్పరికైనను ఇది తప్పదు. ఓటమి నిశ్చయమని తెలిసియు జనులు వానిముందు ఏల బారులు తీరిరి? ఆ యంత్రముల చరిత్రను కొంత పరిశీలించినచో సమాధానము దొరకును.

1972లో కాలిఫోర్నియాలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనువారు అటారీ సంస్థను స్థాపించిరి. అక్కడ చేరిన అల్ అల్కార్న్ అను ఇంజనీరుకు బుష్నెల్ అప్పగించిన తొలి పని, బల్లపై ఆడు బంతియాటను తెరమీదికి తెచ్చుట. అదియే ‘పాంగ్’. నల్లని తెరపై రెండు తెల్లని గీతలు, వాని నడుమ ఒక చుక్క. సన్నీవేల్ పట్టణమందలి ఒక మద్యశాలలో ఈ యంత్రమును ఉంచిన కొలదికాలమునకే అది ఆగిపోయినదని కబురు వచ్చెను. అల్కార్న్ వెళ్లి తెరచి చూడగా, నాణెముల డబ్బా నిండి పొర్లుచుండెను!

ఆట త్వరగా ముగిసినకొలది యజమానికి లాభము. మరీ త్వరగా ముగిసిన, ఆడువాడు మరల రాడు. ఈ రెండు అవసరముల నడుమనే ఈ ఆటల రూపము ఏర్పడినది.

1978లో జపానునందలి టైటో సంస్థలో టొమోహిరో నిషికాదో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను నిర్మించెను. 5 వరుసలలో, వరుసకు 11 చొప్పున, 55 శత్రురూపములు అటునిటు కదలుచు క్రిందికి దిగుచుండును. ఆడువానికి ఒక ఫిరంగి, తలదాచుకొనుటకు 4 అడ్డుగోడలు. నాటి ప్రాసెసర్ ఇన్ని బొమ్మలను వేగముగా గీయజాలదు. శత్రువులు కూలినకొలది గీయవలసినవి తగ్గి, మిగిలినవి వడిగా కదలజొచ్చెను. యంత్రముయొక్క ఈ అశక్తతను నిషికాదో లోపమని తొలగింపక, ఆటకు ప్రాణముగా నిలుపుకొనెను. ఎంత బాగుగా ఆడిన, ఆట అంత కఠినమగును. నిత్యము ధ్వనితో పనిచేయు మమ్ము ఆకర్షించునది అందలి శబ్దము. నాలుగే మంద్రస్వరములు మరల మరల మ్రోగును. శత్రువుల నడకతోపాటు వాని లయయు హెచ్చును. మాట యొక్కటియు లేకుండ భయమును వినిపించుట సామాన్యమైన పనికాదు.

1979లో వచ్చిన అటారీవారి ‘ఆస్టరాయిడ్స్’ ఓడినవానికి ఒక గౌరవము కల్పించినది. ఎక్కువ అంకములు సాధించినవాడు తన పేరునకు గుర్తుగా మూడక్షరములను తెరపై నిలుపవచ్చును. విద్యుత్తును ఆపిన ఆ పేర్లును చెరిగిపోవును. ఒక్క సాయంకాలపు కీర్తికొరకు మరియొక నాణెము వెచ్చించుటకు ఎవరును వెనుదీయలేదు.

1980లో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవతాని, యుద్ధపుటాటలతో నిండిన ఆ శాలలకు స్త్రీలును రావలెనని తలచి, తినుటయే ప్రధానముగా గల ‘పాక్‌మాన్’ను రూపొందించెను. అందలి నాలుగు దయ్యములకు నాలుగు స్వభావములు. ఎఱ్ఱనిది నేరుగా వెంటబడును. గులాబిరంగుది ముందుగా పోయి దారి కాయజూచును. ఈ ఆటకును ముగింపు ఏర్పరుపబడలేదు. కాని ఎన్నవ అంతస్తో లెక్కించుటకు యంత్రములో ఒక్క బైటు మాత్రమే కలదు. 256వ అంతస్తున ఆ లెక్క తప్పి, తెర కుడిసగము అర్థములేని గుర్తులతో నిండును. దానిని దాటుట అసాధ్యము. అచ్చటికి చేరినవాని చేతిలో ఓడినది యంత్రమే!

ఇండ్లలోనికి శక్తిమంతమైన యంత్రములు రాగా ఆర్కేడ్ శాలలు చాలవరకు మూతపడినవి. 2012లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల పాక్‌మాన్‌ను తన సేకరణలో చేర్చుకొన్నది. కొలది చుక్కలు, కొలది స్వరములు తప్ప వేరు సాధనములు లేని నిర్మాతలు, ఆ లేమినే ఉపయోగించుకొని మనస్సును పట్టి నిలుపు ఆటలను కల్పించిరి. ఇక ఆడినవారు కోరినది గెలుపు కాదు. నిన్నటికంటె నేడు మరి నాలుగు క్షణములు నిలువగలుగుటయే వారి ఆశ. ఆ నాలుగు క్షణములు తమ నేర్పువలననే లభించినవని వారికి తెలియును. ఒక నాణెమునకు లభించు సంతోషములలో ఇది తక్కువదని మేము అనజాలము.