కంట్రోలు, ఈ

కీబోర్డు మీద కంట్రోలు మీటనూ, 'ఈ' మీటనూ కలిపి నొక్కితే చాలు, బోయింగు 737 ఇంజన్లు రెండూ గుర్రుమంటూ లేచేవి. 1997లో మైక్రోసాఫ్టు వారు విడుదల చేసిన ఫ్లైట్ సిమ్యులేటరు 98తో కాలక్షేపం చేసినవారికి ఈ ముచ్చట గుర్తుండే ఉంటుంది. ఆ పిదప రన్‌వే మీద పరుగు, గాలిలోకి లేవడం, కూలిపోవడం. (నా విషయంలో ఎక్కువ భాగం మూడవదే.) తెర మీద కనిపించే కాక్‌పిట్టులో అనేక మీటలు వట్టి బొమ్మలు. ఆ బొమ్మలకు ప్రాణం ఎలా వచ్చిందో, ఆ ప్రాణం ఎంతవరకు నిజమో చెప్పుకోవాలంటే కొంత వెనక్కు వెళ్ళాలి.

నేలమీద కూర్చుని విమానం నేర్చుకోవడమనే ఆలోచనే ఒక ఆటబొమ్మగా పుట్టింది. అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రపు బింగ్‌హామ్టన్ ఊరిలో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం ఉండేది. విమానవిద్యకయ్యే ఖర్చు చూసి విసిగిన ఎడ్విన్, ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తులనే వాడుకొని, ఉన్నచోటనే ఊగే చిన్న విమానపు పెట్టెను 1929 నాటికి తయారు చేశాడు. దాన్ని మొదట కొన్నవారు వినోదశాలల యజమానులు. 1934లో అమెరికా ప్రభుత్వం ఉత్తరాలు మోసే పనిని సైనిక విమానాలకు అప్పగించింది. చలికాలపు మంచులో, చీకటిలో, కేవలం పరికరాలను నమ్మి నడపడం అలవాటు లేని చోదకులు కొద్ది వారాలలోనే పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటికి గాని సైన్యం ఆరు లింక్ పెట్టెలను కొనలేదు.

ఇంటి కంప్యూటరులోకి విమానాన్ని తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసం విమానదృశ్యాన్ని కంప్యూటరు తెర మీద గీయడం గురించే. ఆ దశాబ్దపు చివర ఆపిల్-2 కోసం గీతల విమానమొకటి వచ్చింది. 1982లో మైక్రోసాఫ్టు ముద్రతో ఐబీఎం పీసీకి ఎక్కింది. అందులో ఉన్నది చిన్న సెస్నా. విమానం అంటే ఎగరడమే, కిటికీ లోంచి షికాగో చూడడమే.

ఇదే దశాబ్దంలో అసలు విమానాల కాక్‌పిట్టులో ఒక నిశ్శబ్దమైన ఉద్వాసన జరుగుతోంది. పెద్ద జెట్టు విమానాలలో ఇద్దరు పైలట్ల వెనుక, పక్కగోడకు ముఖం పెట్టి మూడవ మనిషి కూర్చునేవాడు: ఫ్లైట్ ఇంజనీరు. ఇంధనం, విద్యుత్తు, హైడ్రాలిక్కులు, గాలి ఒత్తిడి, ఇంజన్ల ఆరోగ్యం, అన్నీ ఆయన చూపు కింద ఉండేవి. 1982లో సేవలో చేరిన బోయింగు 767, 1989లో చేరిన 747-400 ఆయన కుర్చీని తీసేశాయి. పాత 747లో 971 దీపాలు, ముళ్ళ పరికరాలు, మీటలు ఉంటే, 747-400లో అవి 365కు తగ్గాయి. మిగిలిన పని కంప్యూటర్ల పాలయింది.

ఆ ఖాళీ కుర్చీ ఎంత బరువైనదో 1983 జూలైలో ఎయిర్ కెనడా 767 ఒకటి చూపించింది. దాని ఇంధనపు సూచికలు పనిచేయడం లేదు. కొలకడ్డీతో లీటర్లు కొలిచి, కిలోలలోకి మార్చవలసినచోట పౌండ్ల గుణకం 1.77 వేశారు, వేయవలసింది 0.8. విమానం కావలసిన దానిలో సగం కూడా లేని ఇంధనంతో బయలుదేరి, నడి ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయి, గ్లైడరులా జారుతూ గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దిగింది. లోపలి 69 మందీ బ్రతికి బయటపడ్డారు. పూర్వం ఆ లెక్క ఫ్లైట్ ఇంజనీరుది. ఆయన పోయాక అది ఎవరిదో ఎవరికీ స్పష్టంగా తెలియలేదు.

ఇంటి సిమ్యులేటర్ల పిచ్చివాళ్ళు కోరుకున్నది కెప్టెన్ కుర్చీ అని అందరూ అనుకుంటారు గాని, నా అభిప్రాయంలో వారిలో లోతుకు దిగినవారు కోరుకున్నది ఆ మూడవ కుర్చీనే. తొంభైలలో హార్డీ హైన్లిన్ అనే ఆయన 747-400 కోసం రాసిన ఏరోవింక్స్ ప్రెసిషన్ సిమ్యులేటరులో కిటికీ బయట చూడదగినదేమీ లేదు. లోపలి వ్యవస్థలే సర్వస్వం. ఆ విమానం నిజంగా నడిపే పైలట్లు కూడా దాన్ని కొని అభ్యాసం చేసుకున్నారు. 2000లో మైక్రోసాఫ్టు సిమ్యులేటరులోకి '767 పైలట్ ఇన్ కమాండ్' వచ్చింది. 2003లో పీఎండీజీ వారి 737, 2005లో 747-400, 2011లో మరింత లోతైన 737. కంట్రోలు, ఈ నొక్కి లేపే రోజులు ఈ విమానాలతో చెల్లిపోయాయి.

వాటిని చీకటి కాక్‌పిట్టు నుంచి లేపడం ఒక పాఠం. ముందు బ్యాటరీ. ఆపైన తోకలోని చిన్న సహాయక ఇంజను, ఏపీయూ. తర్వాత దిక్కు చెప్పే ఐఆర్ఎస్ యంత్రాలు. వీటి తిరుగుడు మీటను 'నావ్' అన్నచోట ఉంచి ఊరక కూర్చోవాలి. లేజరు గైరోలు భూభ్రమణాన్ని పసిగట్టి, దాని నుండి ఉత్తరదిక్కును తామే లెక్కకట్టుకుంటాయి. భూమధ్యరేఖ వద్ద దీనికి సుమారు 5 నిమిషాలు, ధ్రువాల వైపు పోయినకొద్దీ 17 దాకా. అక్కడ భూభ్రమణంలో నేలకు సమాంతరమైన పాలు తగ్గిపోతుంది గనుక. ఈలోగా విమానం కదలరాదు. త్వరగా ముగించే సదుపాయం సిమ్యులేటరులో ఉన్నది. నేను వాడను. భూమి తిరుగుతోందని ఒక యంత్రం కనిపెట్టేదాకా వేచి ఉండడం నాకు ఇష్టం.

తర్వాత ఇంజన్లు. 737 ఇంజనును తిప్పేది కరెంటు కాదు, ఏపీయూ నుండి గొట్టాలలో వచ్చే పీడన వాయువు. ప్రయాణికులకు చల్లగాలి ఇచ్చే 'ప్యాకులు' తాగేదీ ఆ వాయువునే. కనుక ముందు వాటిని ఆపాలి. ఆపకపోతే స్టార్టరుకు గాలి చాలక, ఎన్2 అనే లోపలి కడ్డీ వేగం 25 శాతానికి చేరదు. చేరకముందే తొందరపడి ఇంధనం వదిలితే, తగినంత గాలి లేక మంట మితిమీరి వేడెక్కుతుంది. మొదలుపెట్టేటప్పుడు 725 డిగ్రీలు దాటరాదు. పాత సిమ్యులేటరులో ప్యాకు మీట బొమ్మ. ఇక్కడ అది ఒక కారణం. ఒక మీట మరొక మీటకు ఎందుకు బాకీపడి ఉన్నదో తెలియడమే ఈ చదువంతా.

ఎయిర్‌లైన్ శిక్షణకు వెళ్ళేవారు పూర్వం కాక్‌పిట్టు పటాలను గోడకు అంటించుకొని, వేలితో తాకుతూ మీటల వరుస వల్లెవేసేవారు. ఆ పటం స్థానాన్ని నేడు చాలా ఇళ్ళలో ఈ సాఫ్టువేరు ఆక్రమించింది. అయితే ఆ గంటలు లైసెన్సు పుస్తకంలోకి ఎక్కవు. ఆరు కాళ్ళ మీద ఊగే అసలు సిమ్యులేటరు వేరు, అక్కడ పక్కన కూర్చుని పరీక్షించే మనిషి వేరు.

మీటలు తెలియడానికీ, విమానం తెలియడానికీ మధ్య దూరాన్ని తలచుకుంటే నాకు 1999 జూలై 23 గుర్తుకొస్తుంది. టోక్యో హనేడా నుండి సప్పొరో వైపు బయలుదేరిన ఏఎన్ఏ వారి 747లో, ఇంటి సిమ్యులేటర్ల మోజు గల యువకుడొకడు కత్తితో కాక్‌పిట్టులో జొరబడ్డాడు. కో-పైలట్‌ను బయటకు పంపి, కెప్టెన్‌ను పొడిచి చంపి, తానే నడపబోయాడు. రెయిన్‌బో వంతెన కింద నుండి పోనివ్వాలని అతని కోరిక. విమానం నేలకు కేవలం 300 మీటర్ల దాకా దిగిపోయింది. కో-పైలట్, ప్రయాణికుడిగా వస్తున్న మరో పైలట్ తలుపు పగులగొట్టి లోపలికి వెళ్ళి విమానాన్ని నిలబెట్టారు. లోపల ఉన్నవారు 517 మంది. నేరం సాఫ్టువేరుదని నేను అనను. కాని కూలితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు అన్నది మన బల్లల మీది విమానానికున్న వరం. ఆ వరాన్ని అతడు నిజం విమానంలోకి మోసుకుపోయాడు. రెండేళ్ళ తర్వాత, 2001 సెప్టెంబరు సంఘటనల పిమ్మట, మైక్రోసాఫ్టు తన కొత్త సిమ్యులేటరులోని న్యూయార్కు నుండి జంట సౌధాలను తొలగించి గాని విడుదల చేయలేదు.

ఒకచోట తొలగింపు అయితే, మరోచోట తొలగించడం మరచిన ఊళ్ళున్నాయి. 2008 మార్చిలో శంషాబాదు తెరుచుకోగానే బేగంపేటకు ప్రయాణికుల విమానాల రాక ఆగింది. 2003, 2006 నాటి సిమ్యులేటర్లకు ఆ సంగతి తెలియదు, వాటి లెక్కలో హైదరాబాదు అంటే బేగంపేటే. నా పాత కంప్యూటరులో 737 ఇప్పటికీ అక్కడే ఆగి ఉంటుంది. నిన్న రాత్రి ఐఆర్ఎస్ పూర్తయ్యేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నాను. తర్వాత రెండవ ఇంజను స్టార్టరు తిప్పితే, ఎన్2 అంకె కొంత పెరిగి, 25కు చేరకుండానే నిలిచిపోయింది. తల పైకెత్తి చూస్తే ప్యాకులు రెండూ ఆడుతున్నాయి.